నలుగురం కలిసి ఇల్లు అద్దెకు తీసుకుంటున్నాం, ముందుగా ఏమేం తేల్చుకోవాలి?

నల్లమల_నీడ

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలోకి వస్తున్నాను. రెండేళ్లు కళాశాల హాస్టల్లో ఉన్న తరువాత, ఈ జులై నుంచి ముగ్గురు మిత్రులతో కలిసి యలహంక వైపు ఒక డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు తీసుకోవాలనుకుంటున్నాం. అద్దె నెలకు 24,000 రూపాయలు, అడ్వాన్స్ అయిదు నెలలది, అంటే 1,20,000 రూపాయలు. అగ్రిమెంటు 11 నెలలకు రాస్తామన్నారు. ఎవరో ఒకరి పేరు మీద ఉంటే చాలని యజమాని అంటున్నారు. మా వాళ్లు నా పేరు సూచిస్తున్నారు.

మా సంగతి కొంచెం చెబుతాను. నాది నంద్యాల. ఒక మిత్రుడిది హిందూపురం, అతను శుక్రవారం సాయంత్రం రైలెక్కితే మళ్లీ సోమవారం ఉదయమే కనిపిస్తాడు. ఇంకొకరిది ఖమ్మం, రాత్రి రెండింటి దాకా చదవడం, మధ్యమధ్య ఫోన్లో మాట్లాడడం అతని అలవాటు, నేనేమో అయిదింటికి లేస్తాను. నాలుగో మిత్రుడు బళ్లారి తెలుగువాడు, వాళ్లింట్లో శాకాహారం. హాస్టల్లో ఈ తేడాలు ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే వంట మెస్ వాళ్లది, ఊడ్చడం పనివాళ్లది, రాత్రి పదకొండుకు అరుపులు ఆపించడం వార్డెన్‌ది. ఇప్పుడు ఆ పనులన్నీ మామీద పడుతున్నాయి.

ఇంట్లో చేరకముందే కొన్ని విషయాలు మాట్లాడుకుందామని నేనంటే, ఖమ్మం మిత్రుడు నవ్వి "మనలో మనకు ఒప్పందాలేమిట్రా" అన్నాడు. అతను చెడ్డ ఉద్దేశంతో అనలేదు. అయినా వేసవి సెలవుల్లో రెండు నెలలు ఊరికి వెళ్లినవాడు అద్దె కట్టాలా వద్దా, బంధువులు వచ్చి ఉంటే ఎన్నాళ్లు ఉండవచ్చు, నా బైకు అందరూ వాడుకోవచ్చా, కరెంటు బిల్లు ఎలా పంచుకోవాలి అన్నవి నా బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. స్నేహితులను అనుమానించినట్లు కాకుండా ఈ మాట ఎలా ఎత్తాలి, వేటిని రాసుకోవాలి, వేటిని వదిలేయాలి అన్నది అనుభవమున్నవారు చెప్పగలరా?

జయనగరం_రామం

తమ్ముడూ, నీ ప్రశ్నలో అన్నిటికన్నా ముందు తేలాల్సింది అగ్రిమెంటు మీద ఎవరి పేరుండాలన్నది, కాబట్టి అక్కడే మొదలుపెడతాను. ఒక్క నీ పేరే రాస్తే, యజమాని దృష్టిలో అద్దెదారువు నువ్వొక్కడివే. ఒకరు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయినా, గోడకు మేకులు కొట్టి పెచ్చులు ఊడగొట్టినా, ఆయన అడిగేది నిన్నే. మిగిలిన ముగ్గురికీ వేరే ఇబ్బంది ఉంది. వారిచ్చిన అడ్వాన్సుకు యజమాని దగ్గర వారి పేరుతో ఏ ఆధారమూ ఉండదు. అందుచేత నలుగురి పేర్లూ రాయించండి, నలుగురూ సంతకాలు పెట్టండి. సంతకం చేసే ప్రతివారికీ 18 ఏళ్లు నిండి ఉండాలి, మీకు ఆ చిక్కు లేదనుకుంటాను.

నలుగురి పేర్లు ఉంటే ఎవరి వాటాకు వారే బాధ్యులని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 43వ సెక్షన్ ప్రకారం కొందరు కలిసి ఒక మాట ఇచ్చినప్పుడు, వేరే విధంగా రాసుకుంటే తప్ప, ఎదుటివారు ఆ మొత్తాన్ని వారిలో ఏ ఒక్కరి నుంచైనా రాబట్టుకోవచ్చు. అలా కట్టినవారికి మిగిలినవారి నుంచి వారి వారి వాటాలు వసూలు చేసుకునే హక్కు ఉంటుంది. అంటే యజమానికీ మీకూ మధ్య ఒక కాగితం ఉన్నట్లే, మీ నలుగురి మధ్య కూడా మరొక చిన్న కాగితం ఉండాలి. దానికి నోటరీ అక్కరలేదు, ఎవరెంత అడ్వాన్సు ఇచ్చారు, ఎవరి వాటా అద్దె ఎంత, మధ్యలో వెళ్లేవారు ఏం చేయాలి అన్న మూడు సంగతులు రాసి సంతకాలు చేసుకుంటే సరిపోతుంది. డబ్బు చేతికి ఇవ్వకుండా ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో పంపుకుంటే, ఎప్పుడు ఎంత ఇచ్చారన్నది దానంతట అదే నిలిచి ఉంటుంది.

అద్దె వాటా నాలుగు సమాన భాగాలే కావాలని లేదు. ఒక గదికి అటాచ్డ్ బాత్‌రూమ్ ఉండి, రెండో గది వీధి వైపు చిన్నగా ఉంటే, పెద్ద గదిలోని ఇద్దరూ 6,500 చొప్పున, చిన్న గదిలోని ఇద్దరూ 5,500 చొప్పున కట్టుకోవచ్చు. తేడా ఎంతన్నది గదులు పంచుకోకముందే చెప్పుకోవాలి. ఒకసారి పెట్టెలు దింపి మంచాలు వేసుకున్నాక పెద్ద గదిలోని వారికి తమ గది అంత పెద్దదిగా కనిపించదు!

గదులు పంచుకోవడంలో ఒకే ఊరివాళ్లు ఒక గది, లేదా ఎక్కువ దోస్తీ ఉన్నవాళ్లు ఒక గది అనుకోవడం సహజమే కానీ, నిద్రవేళలను బట్టి పంచుకోవడం మేలని నా అభిప్రాయం. అయిదింటికి లేచే నువ్వు, రెండింటికి పడుకునే ఖమ్మం మిత్రుడు ఒకే గదిలో ఉంటే ఎన్ని ఒప్పందాలు రాసుకున్నా లాభం లేదు. అతనికి శుక్రవారం వెళ్లిపోయే హిందూపురం అబ్బాయిని జతచేస్తే వారానికి మూడు రాత్రులు గది అతనొక్కడిదే అవుతుంది, ఎంతసేపు ఫోన్ మాట్లాడుకున్నా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇక మధ్యలో వెళ్లిపోయే సంగతి. ఇంటర్న్‌షిప్ వేరే ఊళ్లో రావచ్చు, ఇంట్లో పరిస్థితి మారవచ్చు. వెళ్లేవారు కనీసం ఒక నెల ముందు చెప్పాలి, తన స్థానంలోకి వచ్చేవారిని తానే వెతకాలి, వచ్చేవారిని మిగిలిన ముగ్గురూ ఒప్పుకోవాలి, దొరికేదాకా తన వాటా తానే కట్టాలి అని రాసుకోండి. కొత్తగా వచ్చినవారు 30,000 రూపాయల అడ్వాన్సును నేరుగా వెళ్లేవారికి ఇస్తారు, యజమాని దగ్గరున్న సొమ్ము కదలదు. అయితే పేరు మారిన సంగతి యజమానికి చెప్పి అగ్రిమెంటులో రాయించాలి. బెంగళూరులో ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కోసమని ఒక నెల అద్దె పట్టుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. ఆ కోతను చివర్లో ఉన్నవారి నెత్తిన మాత్రమే వేయకుండా, ఎవరు ఎన్ని నెలలు ఉన్నారన్నదాన్ని బట్టి పంచుకోవాలని కూడా ఆ కాగితంలో చేర్చండి.

వేసవిలో ఊరికి వెళ్లినవారు అద్దె కట్టాల్సిందే. ఇందులో వాదనకు తావు లేదు, ఎందుకంటే వారి మంచం, వారి పుస్తకాలు ఆ గదిలోనే ఉంటాయి. కరెంటు, గ్యాసు, కూరగాయల్లాంటివి మాత్రం ఉన్నవారే భరించాలి.

మిరపకాయ_బజ్జీ

రామం గారు డబ్బు విషయంలో చెప్పినదంతా ఒప్పుకుంటాను. కానీ అక్కడితో ఆగమని నా సలహా. ఈమధ్య అంతర్జాలంలో వెతికితే అమెరికా విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో నింపించే రూమ్‌మేట్ అగ్రిమెంటు నమూనాలు బోలెడు దొరుకుతాయి. ఎన్నింటికి లైటు ఆర్పాలి, ఎవరి వస్తువు ఎవరు ముట్టుకోవచ్చు, అతిథులు ఎప్పుడు రావచ్చు, ఎవరు ఎప్పుడు తుడవాలి అని అందులో వరుసగా ఉంటాయి. అక్కడ ఎక్కడెక్కడి నుంచో వచ్చిన, ముఖపరిచయం కూడా లేని ఇద్దరిని విశ్వవిద్యాలయమే ఒక గదిలో పెడుతుంది కాబట్టి దానికి అర్థముంది, పైగా మాట తేడా వస్తే కూర్చోబెట్టి మాట్లాడడానికి ఆ అంతస్తుకొక సీనియర్ విద్యార్థి ఉంటాడు. మీరు నలుగురూ రెండేళ్లు ఒకే మెస్‌లో అన్నం తిన్నవారు. మీ మధ్య అలాంటి కాగితం పెడితే, దాన్ని అమలు చేసే బాధ్యత కూడా మీలో ఒకరి మీదే పడుతుంది, ఆ ఒకరు తమ్ముడివే అవుతావని నాకు గట్టి నమ్మకం.

ఇంకో సంగతి. ఇంట్లో చేరకముందు రాసుకునే నియమాలు ఊహించుకున్న మనుషుల కోసం రాసుకున్నవి. ఎవరు ఎంగిలి కంచం సింకులో వదిలేస్తారో, ఎవరు తడి తువ్వాలు మంచం మీద పడేస్తారో కలిసి ఉంటే తప్ప తెలియదు. హాస్టల్లో తన గదిని అద్దంలా ఉంచుకున్నవాడు వంటగదిలో అడుగు పెట్టేసరికి వేరే మనిషి కావచ్చు. అందుచేత శుభ్రత విషయంలో వంతుల పట్టిక వేసుకునే బదులు, ఇల్లు ఊడ్చి తుడవడానికీ గిన్నెలు తోమడానికీ పనిమనిషిని పెట్టుకుని ఆమె జీతం నలుగురూ పంచుకోండి. ఆమె రాని రోజు మాత్రం ఎవరి గిన్నె వారు కడుక్కోవాలి. నెల తిరిగాక ఒక ఆదివారం మధ్యాహ్నం లెక్కలు చూసుకునే నెపంతో కూర్చుని, అప్పటికి ఎవరికి ఏది ఇబ్బందిగా ఉందో మాట్లాడుకోండి. మీకు నిజంగా ఏ నియమాలు కావాలో అప్పుడు తెలుస్తుంది.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, స్టవ్ వంటివి నలుగురూ డబ్బు వేసుకుని కొనవద్దని మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. ఒకరు ఫ్రిజ్ కొనండి, ఒకరు స్టవ్, గిన్నెలు కొనండి, ఒకరు వాషింగ్ మెషీన్ కొనండి, అందరూ వాడుకోండి. పోయేటప్పుడు ఎవరిది వారు పట్టుకుపోతారు. సెకండ్‌హ్యాండ్ ఫ్రిజ్‌లో నాలుగో వంతు వాటా కోసం ప్రాణస్నేహితులు మాటలు మానుకోవడం నేను కళ్లారా చూశాను.

కరెంటు_లెక్క

బిల్లు సంగతి నేను చెబుతాను, ఇది నా వృత్తికి దగ్గరి విషయం.

కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి పథకం ఉంది, అద్దెకున్నవారికీ వర్తిస్తుంది. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమని అందరూ క్లుప్తంగా చెప్పుకుంటారు కానీ, ప్రతి ఇంటికీ 200 ఉచితం కాదు. 2022-23లో ఆ మీటరు మీద నెలకు సగటున ఎన్ని యూనిట్లు కాలాయో దానికి పది శాతం కలిపి, అంతవరకే ఉచితంగా ఇస్తారు. ఆ సగటు 90 అయితే మీకు 99 యూనిట్లు ఉచితం, ఆపై వాడినదానికి డబ్బు కట్టాలి. మొత్తం వాడకం 200 దాటితే ఆ నెల బిల్లు పూర్తిగా కట్టాల్సిందే. కాబట్టి ఇల్లు ఖాయం చేసేముందు యజమానిని పాత బిల్లు ఒకటి అడిగి చూడండి, ఉచిత పరిమితి ఎంతో తెలుస్తుంది. ముందున్న అద్దెదారు ఆధార్ ఆ మీటరు ఆర్‌ఆర్ నంబరుకే, అంటే బిల్లు మీద ఉండే కనెక్షన్ నంబరుకే, జతచేసి ఉంటే తొలగింపజేసి, మీలో ఒకరిది జతచేయించుకోవాలి.

ఇప్పుడు నలుగురి వాడకం చూద్దాం. 15 లీటర్ల గీజర్లో నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 0.6 యూనిట్ పడుతుంది. అది 2 కిలోవాట్ల గీజర్ అయితే ఇరవై నిమిషాల లోపు పని. నాలుగు స్నానాలకు రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. ఫ్రిజ్ రోజుకు ఒక యూనిట్ అనుకుంటే 30. రెండు పాత రకం ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లు, రోజుకు పన్నెండు గంటలు తిరిగితే 54. ఇంతవరకు 156 అయింది, లైట్లు, ల్యాప్‌టాప్‌లు కలుపుకున్నా 200 లోపే ఉంటారు. దీనిమీద 2,000 వాట్ల ఇండక్షన్ స్టవ్ రోజుకు ఒక గంట పెడితే 60 యూనిట్లు పెరిగి గీత దాటిపోతారు.

విద్యార్థులు ఇండక్షన్ స్టవ్ కొనడానికి కారణం గ్యాస్ కనెక్షన్‌కు స్థానిక చిరునామా రుజువు లేకపోవడమే. ఇండేన్ వారి అయిదు కిలోల ఛోటూ సిలిండర్ చిరునామా రుజువు లేకుండా గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు. గృహావసరాల 14.2 కిలోల సిలిండర్‌తో పోలిస్తే కిలో ధర ఎక్కువే పడుతుంది కానీ, మీ లెక్కకు అది కలిసిరావచ్చు.

కాబట్టి కరెంటు విషయంలో మీరు చేసుకోవాల్సిన ఒప్పందం ఒక్కటే. గీజర్ స్విచ్ వేసినవారే ఆపాలి. "నా తరువాత నువ్వు చేస్తావేమోనని వదిలేశాను" అన్న మాట ఇంట్లో వినిపించకూడదు. బిల్లు ఎవరు ఎన్ని గంటలు వాడారన్న లెక్కల్లోకి వెళ్లకుండా నాలుగు సమాన భాగాలు చేసుకోండి. వారానికి మూడు రాత్రులు ఉండని హిందూపురం అబ్బాయికి కాస్త తగ్గించాలని అనిపిస్తే తగ్గించండి, కానీ అతను లేకపోయినా ఫ్రిజ్ తిరుగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి.

పైవాటా_పిన్ని

బాబూ, నేను బానసవాడిలో మా ఇంటి పైవాటాను చాలాకాలంగా చదువుకునే పిల్లలకే అద్దెకిస్తున్నాను. మాది చిత్తూరు జిల్లా. ఇల్లిచ్చేవారి వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

మీ నలుగురిలో మాతో మాట్లాడేవారు ఎవరో ముందే నిర్ణయించుకోండి. అద్దె నాలుగు చోట్ల నుంచి నాలుగు తేదీల్లో వస్తే ఎవరిది వచ్చింది, ఎవరిది రాలేదు అని చూసుకోవడమే మాకొక పని అవుతుంది. ఒకరు అందరి దగ్గరా తీసుకుని ఒకేసారి వేస్తే మర్యాదగా ఉంటుంది. ఆ బాధ్యత ఆరునెలలకొకసారి మార్చుకుంటే ఒకరి మీదే భారం పడదు. అలాగే కుళాయి కారుతోందనో, గీజర్ పాడైందనో చెప్పేటప్పుడు కూడా ఆ ఒక్కరే చెబితే, నలుగురు నాలుగు రకాలుగా చెప్పిన గందరగోళం ఉండదు.

రెండోది నీళ్లు, చెత్త. మోటారు వేసి మరచిపోయి ట్యాంకు పొంగిపోతే వీధిలో అందరూ యజమానినే అంటారు. 2024 మార్చిలో నీటి కరవు వచ్చినప్పుడు తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది, అప్పటి నుంచి ఈ ఊళ్లో నీళ్ల విషయంలో ఎవరికీ ఓపిక లేదు. చెత్త ఆటో పొద్దున్నే వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా లేకపోతే తీసుకోరు. రాత్రి రెండింటికి పడుకున్నవారు ఆ వేళకు లేవలేరు, కాబట్టి వంతులు వేసుకోవడం కన్నా, తెల్లవారుజామున లేచే అలవాటున్న నీలాంటి వారు ఆ పని తీసుకుని, బదులుగా రాత్రి తలుపులు, గ్యాసు, మోటారు చూసుకునే పని ఆలస్యంగా పడుకునేవారికి అప్పగించడం మంచిది. మా పైవాటాలో ఇప్పుడున్న పిల్లలు అలాగే చేస్తున్నారు, నాకూ వారికీ హాయిగా ఉంది.

మాంసాహారం విషయంలో మీ యజమాని ఏమంటారో అగ్రిమెంటుకు ముందే అడగండి. వండకూడదని అనేవారు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. ఆయన వద్దంటే మీలో మీకు చర్చే అక్కరలేదు. ఎలాగూ ఎవరికీ తెలియదులే అనుకుని చేరితే మాత్రం రోజూ కిటికీలు మూసుకుని బతకాలి.

వేళచ్చేరి_అక్క

నేను చెన్నైలో మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి ఉంటూ పీజీ చదువుతున్నాను. మా దగ్గర చట్టం వేరు. తమిళనాడులో 2017లో చేసిన అద్దె చట్టం 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అద్దె ఒప్పందం రాతలోనే ఉండాలి, అద్దె అధికారి వద్ద నమోదు కావాలి, వేరేగా ఒప్పుకుంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. ఈ చర్చ చదివి చెన్నైలో ఇల్లు వెతికేవారు బెంగళూరు లెక్కలను ఇక్కడికి తెచ్చుకోకుండా ఉండాలని ఈ మాట రాశాను.

మిరపకాయ గారి వాదన నాకు సగమే నచ్చింది. ముక్కూమొహం తెలియనివారితో అయితే "నా చార్జర్ ఇలా తిరిగివ్వండి" అని మొహమాటం లేకుండా అడగగలం. స్నేహితులతోనే అడగలేం. అడగలేక మనసులో పెట్టుకుని, చివరికి సంబంధం లేని మరేదో విషయం మీద అరుస్తాం. కాబట్టి మాట్లాడుకోవడం స్నేహితులకే ఎక్కువ అవసరం. కాకపోతే ఆ మాట్లాడే తీరు వేరుగా ఉండాలి. ఏం చేయకూడదని కాకుండా, "నాకు ఇది ఇబ్బంది, మీకేది ఇబ్బంది" అని మొదలుపెట్టు. నువ్వే ముందుగా నీ బలహీనత ఒకటి చెప్పు, అయిదింటికి అలారం మోగితే నువ్వు వెంటనే ఆపవనో, తల దువ్వుకున్న చోటే జుట్టు వదిలేస్తావనో. మిగిలినవారికి అనుమానించారన్న భావం కలగదు.

బళ్లారి అబ్బాయి విషయంలో "నీకు నాన్‌వెజ్ పరవాలేదా" అని అడగవద్దు. నలుగురిలో అలా అడిగితే అతను మొహమాటానికి పరవాలేదనే అంటాడు. అతనికి ఇబ్బంది వాసనా, తాను వాడే మూకుడులో గుడ్డు వేయడమా, ఫ్రిజ్‌లో పచ్చి మాంసం పెట్టడమా అన్నది విడిగా అడిగి తెలుసుకో. మూడింటికీ పరిష్కారాలు వేరు. మా ఇంట్లో ఒకమ్మాయికి వాసన సమస్య కాదు, గిన్నెలే సమస్య. అందుకని గుడ్లకూ చేపలకూ వేరే మూకుడు, గరిటె, చాకు కొని, వాటిని సింకు కింద వేరే అరలో పెట్టాం, తోమే పీచు కూడా వేరు. బిర్యానీ తినాలనిపిస్తే బయటినుంచి తెప్పించుకుని, ఎముకలు ఆ రాత్రే కవరులో కట్టేస్తాం. ఇంత చిన్న ఏర్పాటుతో అందరం ఒకే బల్ల దగ్గర తింటున్నాం.

అతిథుల విషయం ఎవరూ ముట్టుకోలేదు, మన తెలుగువారి ఇళ్లలో అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. పరీక్ష రాయడానికి వచ్చిన చెల్లెలు రెండు రాత్రులు ఉండడం వేరు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కోర్సు చేరి ఉద్యోగం దొరికేదాకా ఉంటానని పరుపు చుట్టతో దిగే పెదనాన్న కొడుకు వేరు. వచ్చినవారిని పొమ్మనలేం, ఆ పొమ్మనే భారం ఎవరి బంధువైతే వారి మీదే పడకుండా, "మా ఇంట్లో ఇది పద్ధతి" అని చెప్పుకోవడానికి వీలుగా ముందే ఒక హద్దు పెట్టుకోండి. మా హద్దు ఇది: మూడు రాత్రుల దాకా ముందు రోజు చెబితే చాలు, అంతకు మించితే అందరూ ఒప్పుకోవాలి, వారం దాటితే వంటకూ నీళ్ల క్యాన్లకూ వాటా ఇవ్వాలి. పరీక్షల రోజుల్లో ఎవరూ రాకూడదు. తల్లిదండ్రులకు ఈ నియమాలేవీ లేవు. వారు వచ్చినప్పుడు గది ఖాళీ చేసి హాల్లో పడుకోవడం మాకందరికీ అలవాటే, పైగా వారు తెచ్చే కారప్పొడి, సున్నుండలు అందరివీ.

నీ బైకు సంగతి. స్నేహం వేరు, బండి వేరు. లైసెన్సు లేనివారికి బండి ఇచ్చి నడపనిస్తే మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ ప్రకారం యజమానికే మూడు నెలల దాకా జైలు గానీ, 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా విషయంలో వచ్చే చిక్కులు చెప్పనక్కరలేదు. లైసెన్సు చూపించినవారికే తాళం, అడిగి తీసుకెళ్లాలి, పెట్రోలు తీసుకెళ్లినంత నింపాలి, చలానా వస్తే ఆరోజు నడిపినవారే కట్టాలి.

చివరగా, నలుగురి ఇళ్ల ఫోన్ నంబర్లు, ఎవరికైనా ఏదైనా మందు పడకపోతే ఆ సంగతి, రక్తం గ్రూపు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. మాలో ఒకమ్మాయికి అర్ధరాత్రి జ్వరం తీవ్రమైనప్పుడు ఆసుపత్రిలో అడిగిన మొదటి ప్రశ్న ఏ మందు పడదన్నదే. ఆమె చెప్పే స్థితిలో లేదు, మాకు తెలియదు, ఆమె ఫోన్‌కు లాక్ ఉంది.

నల్లమల_నీడ

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి నలుగురం కూర్చున్నాం. అక్క చెప్పినట్లు ముందుగా నా అలారం సంగతి నేనే చెప్పాను. ఆ వెంటనే ఖమ్మం మిత్రుడు తన ఫోన్ సంభాషణల గురించి తానే ఎత్తి, హిందూపురం మిత్రుడితో గది పంచుకుంటానన్నాడు. అడ్వాన్సు, అద్దె వాటా, వెళ్లిపోయే పద్ధతి, అతిథుల హద్దు ఒక పేజీలో రాసుకున్నాం. శుభ్రత గురించి ఏమీ రాయలేదు, పనిమనిషిని వెతుకుతున్నాం. బళ్లారి మిత్రుడిని విడిగా అడిగితే తనకు ఫ్రిజ్ ఒక్కటే ఇబ్బందని చెప్పాడు, యజమాని కూడా గుడ్డు వరకు అభ్యంతరం లేదన్నారు. పాత కరెంటు బిల్లు చూపించారు, ఉచిత పరిమితి 112 యూనిట్లు ఉంది కాబట్టి ఇండక్షన్ స్టవ్ ఆలోచన మానుకున్నాం.

తేలనిది ఒకటుంది. వంటమనిషిని పెట్టుకుంటే హిందూపురం మిత్రుడు శని, ఆదివారాలు తినడు కాబట్టి జీతంలో తన వాటా తగ్గించమంటున్నాడు. మిగిలినవారు ఒప్పుకోవడం లేదు.

జయనగరం_రామం

వంటమనిషి జీతం అద్దె లాంటిది, ఒకరు తినకపోయినా ఆమెకు నెలకింత అని ఇవ్వాల్సిందే, కాబట్టి నలుగురూ సమానంగా కట్టాలి. బియ్యం, పప్పు, నూనె, కూరగాయల ఖర్చును మాత్రం పూటల లెక్కన పంచుకోండి. ఒక క్యాలెండర్ వంటగదిలో తగిలించి, తినని పూట తన పేరు ఎదురుగా సున్నా చుట్టమనండి. నెలాఖరున మొత్తం ఖర్చును మొత్తం పూటలతో భాగిస్తే పూటకెంతో వస్తుంది. అతను ఊరి నుంచి బియ్యం బస్తా తెస్తే దాన్ని మార్కెట్ ధరకు ఆ నెల ఖాతాలో జమ వేయండి. ఇంకొక మార్గం కూడా ఉంది: ఆమెను ఆదివారం సెలవు తీసుకోమని, ఆ మేరకు జీతం మాట్లాడుకుంటే, ఆదివారం మీ ముగ్గురూ వండుకోవడమో బయట తినడమో చేయవచ్చు, అప్పుడు శనివారం ఒక్కటే మిగులుతుంది. ఏది నచ్చితే అది ఆమెను పనిలో పెట్టుకోకముందే ఖాయం చేసుకోండి, పెట్టుకున్నాక జీతం తగ్గిస్తామంటే ఆమె ఒప్పుకోదు, ఒప్పుకోమనడం న్యాయమూ కాదు.